గ్రాఫిక్ నవలలు: కొత్తగా చదివేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంటికి వచ్చినవాళ్ళు హాల్లో పుస్తకాల బీరువా దగ్గర తప్పకుండా ఆగుతారు. ఒకటి తీసి నాలుగు పేజీలు తిప్పి, "ఇన్ని బొమ్మల పుస్తకాలా!" అంటారు. ఆ తర్వాత అడిగేవి దాదాపు ఎప్పుడూ అవే ప్రశ్నలు. ఆఫీసులో, రైల్లో, పుస్తకాల పండగలో కూడా అవే. ఇన్నేళ్ళుగా నోటితో చెప్పిన జవాబుల్ని ఇక్కడ ఒకచోట రాసి పెడుతున్నాను.

కామిక్స్‌కీ గ్రాఫిక్ నవలకీ తేడా ఏమిటి?

మన వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చిన కథని తర్వాత నవలగా అచ్చు వేసేవాళ్ళు గుర్తుందా? చాలావరకు అదే తేడా. అమెరికాలో నెలనెలా ఇరవై ఇరవై రెండు పేజీల కథతో పల్చటి పుస్తకాలు వస్తాయి. వాటిని ఇష్యూలు అంటారు. అవన్నీ కలిపి ఒక అట్ట మధ్య కుట్టి, మొదలూ తుదీ ఉన్న ఒకే కథగా అమ్మితే గ్రాఫిక్ నవల. 'వాచ్‌మెన్' 1986-87లో 12 ఇష్యూలుగా వచ్చింది. ఇప్పుడు అందరూ దాన్ని నవలగానే చదువుతున్నారు.

ముందు నుంచే పూర్తి పుస్తకంగా గీసినవీ ఉన్నాయి. విల్ ఐస్నర్ 1978లో 'ఎ కాంట్రాక్ట్ విత్ గాడ్' వేసినప్పుడు అట్ట మీద గ్రాఫిక్ నవల అని రాయించాడు. మాట అంతకుముందే ఉన్నా, జనంలోకి వెళ్ళింది ఆ పుస్తకం తర్వాతే. పేరు దగ్గర ఎక్కువ ఆగకండి. చాలామంది గీసేవాళ్ళు తమవి కామిక్స్ అనే చెప్పుకుంటారు.

ఇవి పిల్లల పుస్తకాలు కదా?

కొన్ని పిల్లలవి. చాలా భాగం కాదు.

ఆర్ట్ స్పీగల్‌మన్ 'మౌస్' తీసుకోండి. వాళ్ళ నాన్న పోలండ్ యూదుడు, ఆష్విట్జ్ అనే నాజీ మరణ శిబిరం నుంచి బతికి బయటపడ్డవాడు. ఆయన చెప్పిన జ్ఞాపకాల్ని కొడుకు టేపులో రికార్డు చేసుకుని గీశాడు. యూదులు ఎలుకలు, నాజీలు పిల్లులు. వినడానికి పిల్లల కథలా ఉంటుంది. పుస్తకం తెరిస్తే, ముసలి తండ్రి ఒక్క అగ్గిపుల్ల ఖర్చు కాకుండా చూసుకోవడం, కొడుకు విసుక్కోవడం, ఆ పిసినారితనం ఎక్కడి నుంచి వచ్చిందో మనకి మెల్లగా అర్థం కావడం. నాజీల కథ ఎంత ఉందో, పడని తండ్రీకొడుకుల కథ అంత ఉంది. దానికి 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం వచ్చింది. 2025లో టెస్సా హల్స్ గీసిన 'ఫీడింగ్ గోస్ట్స్'కి స్వీయచరిత్రల విభాగంలోనే పులిట్జర్ ఇచ్చారు. అది షాంఘైలో జర్నలిస్టుగా బతికిన అమ్మమ్మ, అమ్మ, తను, ఇలా మూడు తరాల ఆడవాళ్ళ కథ.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. బొమ్మలున్నాయి కదా అని పెద్దల పుస్తకాన్ని పదేళ్ళ పిల్లల చేతికి ఇవ్వకండి. 'వాచ్‌మెన్'లో హింస ఉంది, అత్యాచారయత్నం ఉంది. ఇచ్చేముందు మీరు చదవండి. పిల్లలకైతే జెఫ్ స్మిత్ 'బోన్' కళ్ళు మూసుకుని కొనొచ్చు. 1991 నుంచి 2004 దాకా 55 ఇష్యూలుగా వచ్చిన పెద్ద కథ. నవ్విస్తూ మొదలై, పోనుపోను గుండె బిగబట్టి చదివిస్తుంది.

నేను ఇంతవరకు ఒక్కటీ చదవలేదు. ఏది ముందు చదవాలి?

ఈ ప్రశ్నకి నేను తిరుగు ప్రశ్న వేస్తాను: మామూలు పుస్తకాల్లో, సినిమాల్లో మీకు ఏవి ఇష్టం? ఆత్మకథలు ఇష్టమైనవాళ్ళకి ఒకటి, క్రైమ్ ఇష్టమైనవాళ్ళకి ఇంకొకటి. అందరికీ ఒకే పది పుస్తకాల జాబితా ఇవ్వడం నాకు నచ్చదు. మనిషిని చూడకుండా చొక్కా కుట్టినట్టు ఉంటుంది.

అయినా ఒక్కటే చెప్పమంటే, మర్జానె సత్రాపి 'పెర్సెపొలిస్'. ఇరాన్ విప్లవం నాటికి టెహ్రాన్‌లో బడికి వెళ్తున్న పిల్ల కథ. ఫ్రెంచిలో 2000 నుంచి 2003 మధ్య నాలుగు భాగాలుగా వచ్చింది. ఇంగ్లీషు తేలిక. బొమ్మలు నలుపూ తెలుపూ, మధ్యలో బూడిదరంగు కూడా లేదు.

మొదటి పేజీ చూడండి. మొదటి గడిలో పదేళ్ళ పాప, తల మీద నల్లటి ముసుగు, చేతులు కట్టుకుని కూర్చుంది. అది 1980. పక్క గడిలో క్లాసు ఫొటో. వరసగా నలుగురు పాపలు, అందరికీ అదే ముసుగు. మన పాప ఎడమ చివర కూర్చుంది కాబట్టి గడి అంచు ఆమెని కోసేసింది, దాదాపు కనిపించదు. తను అక్కడే ఉన్నాననీ, కనిపించడం లేదనీ ఆమే చెబుతుంది. ఒక ప్రభుత్వం పిల్లలందరినీ ఒకేలా చేసేస్తే ఏం పోతుందో రెండు గడుల్లో చెప్పేసింది, ఉపన్యాసం లేకుండా. ఈ పేజీ నచ్చితే మీరు ఈ దారిలోకి వచ్చేసినట్టే.

నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. నాకేమైనా ఉందా?

ఉంది. షాన్ టాన్ 2006లో తెచ్చిన 'ది అరైవల్'. అందులో చదవడానికి ఒక్క మాట కూడా లేదు.

ఒక మనిషి భార్యనీ కూతుర్నీ వదిలి, పెట్టె పట్టుకుని, ఓడెక్కి తెలియని దేశానికి వెళ్తాడు. మొదటి పేజీలో తొమ్మిది చిన్న బొమ్మలు: కాగితం మడిచి చేసిన పిట్ట, గోడ గడియారం, టోపీ, గిన్నె, పాప వేసిన బొమ్మ, టీ కెటిల్, కప్పు, సర్దిన పెట్టె, కుటుంబం ఫొటో. మనుషులు ఇంకా రాలేదు, కానీ ఆ ఇంట్లో ఎవరో వెళ్ళిపోతున్నారని తెలిసిపోతుంది. ఓడ ప్రయాణం అంతా ఒకచోట చిన్నచిన్న గళ్ళలో మబ్బుల బొమ్మలే. ఎన్ని రోజులు గడిచాయో మబ్బులే చెబుతాయి.

మా మామయ్యది జగిత్యాల దగ్గర పల్లె. మస్కట్‌లో చాలా ఏళ్ళు పనిచేసి వచ్చాడు. పుస్తకం చదివే అలవాటు లేని మనిషి. ఒకసారి మా ఇంట్లో ఖాళీగా కూర్చుంటే ఈ పుస్తకం చేతికిచ్చాను. కొత్త ఊళ్ళో బోర్డుల మీద ఏదో లిపి ఉంటుంది. అది ఏ దేశానిదీ కాదు, గీసినాయన కల్పించినది. కథలో మనిషికీ అర్థం కాదు, చదివే మనకీ అర్థం కాదు. ఆ పేజీ దగ్గర మామయ్య ఆగిపోయాడు. "నాకు గూడ గిట్లనే ఉండె మొదట్ల. బోర్డు చదవరాక బస్సు నంబరు బొమ్మ లెక్క యాదికి పెట్టుకున్న" అన్నాడు. గల్ఫ్ గురించి ఆయన మాతో అంతకుముందు ఎప్పుడూ మాట్లాడలేదు. ఆ రోజు అన్నం వేళ దాటినా మాట్లాడుతూనే ఉన్నాడు.

మీ ఇంట్లో వలస వెళ్ళొచ్చినవాళ్ళు ఉంటే ఈ పుస్తకం కొనండి. అమ్మకీ నాన్నకీ ఇవ్వండి.

ఇంత ధర పెడితే అరగంటలో అయిపోతుంది. గిట్టుబాటు కాదు కదా?

అరగంటలో అయిపోయిందంటే మాటల బుడగలు మాత్రమే చదివారన్నమాట. బొమ్మని కూడా చదవాలి, చూసి వదిలేయకూడదు. ఇక్కడ రాసినదంతటిలో నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇదొక్కటే.

నేను చేసేది చెబుతాను. మొదటిసారి కథ కోసం చదివేస్తాను, ఆత్రం తీరాలి కదా. రెండు మూడు రోజులయ్యాక మళ్ళీ తీసి, మాటలు వదిలేసి బొమ్మలు మాత్రమే చూసుకుంటూ వెళ్తాను. ఈ గడి ఎందుకు పెద్దది? ఇక్కడ గోడకి రంగు ఎందుకు మారింది? ఈ మనిషి పేజీ అంతా మనకి వీపు ఎందుకు పెట్టాడు?

రెండు గడుల మధ్య తెల్లటి సందు ఉంటుంది. ఇంగ్లీషులో గట్టర్ అంటారు. ఒక గడిలో గొడ్డలి ఎత్తాడు, పక్క గడిలో ఊరి మీద కేక. మరి నరికింది ఎవరు? ఆ సందులో చదివే మనమే నరికాం. స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో 'అండర్‌స్టాండింగ్ కామిక్స్' అని కామిక్స్ గురించే ఒక కామిక్స్ పుస్తకం గీశాడు. అందులో ఈ సంగతి విడమరిచి చెబుతాడు. అది చదివాక నేను పాత పుస్తకాలన్నీ మళ్ళీ మొదటి నుంచి చదువుకున్నాను.

'వాచ్‌మెన్'లో చాలా పేజీల్లో మూడు వరసలు, వరసకి మూడు చొప్పున తొమ్మిది సమానమైన గడులు ఉంటాయి. అలా వందల పేజీలు నడిచి, ఉన్నట్టుండి పేజీ నిండా ఒకే బొమ్మ వస్తే గుండె ఆగినంత పనవుతుంది. డప్పు దరువు ఒకే తీరున సాగి సాగి మారితే ఒళ్ళు ఉలిక్కిపడుతుంది చూడండి, అలాగ.

ఇంకొక ఉదాహరణ మన దగ్గరిదే. 2011లో వచ్చిన 'భీమాయన'. అంబేద్కర్ జీవితంలోని సంఘటనల్ని దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే పర్ధాన్ గోండు చిత్రకారులు గీశారు. వాళ్ళు చతురస్రపు గడులు గీయలేదు. కథని పేజీలో స్వేచ్ఛగా తిరగనిచ్చారు. అందులో మాటల బుడగల్ని గమనించండి. మెత్తటి మనుషుల మాటలు పిట్ట ఆకారపు బుడగలో ఉంటాయి. విషం కక్కే మాటల బుడగకి తేలు కొండి ఉంటుంది. నీళ్ళు అడిగిన పిల్లాడితో ఎవరు ఏ బుడగలో మాట్లాడారో చూసుకుంటూ చదివితే, చదువు రాని పిల్లలకి కూడా ఎవరు ఎలాంటివారో తెలుస్తుంది.

ఇంత ఉన్న పుస్తకం అరగంటలో ఎలా అయిపోతుంది?

జపాన్ కామిక్స్‌ని, అంటే మాంగాని, వెనక నుంచి చదవాలంటారు. నిజమేనా?

నిజమే. జపాన్ పద్ధతిలోనే అచ్చువేసిన పుస్తకాలు మనకి చివరి పేజీ అనిపించే చోట మొదలవుతాయి. గడులు, బుడగలు కూడా కుడి నుంచి ఎడమకి చదవాలి. మొదటి రెండు అధ్యాయాల్లో తికమకగా ఉంటుంది, తర్వాత కళ్ళు అలవాటు పడిపోతాయి.

వందల అధ్యాయాలు ఉన్న సిరీస్ చూసి భయపడేవాళ్ళకి నేను రెండు చెబుతాను. ఒసాము తెజుకా 'బుద్ధ', ఇంగ్లీషులో ఎనిమిది సంపుటాలు. మనకి తెలిసిన కథే, కానీ ఎక్కువ భాగం సిద్ధార్థుడి చుట్టూ ఉన్న మామూలు మనుషులది. రెండోది కేజీ నకజావా 'బేర్‌ఫుట్ జెన్'. హిరోషిమా మీద బాంబు పడిన రోజు ఆయన ఆరేళ్ళ పిల్లాడు, బడి గోడ పక్కన ఉండటంతో బతికాడు. 1973లో గీయడం మొదలుపెట్టాడు. బొమ్మలు చూస్తే కార్టూన్‌లా గుండ్రంగా ఉంటాయి. బాంబు పడే పేజీలు మాత్రం రాత్రి పడుకునే ముందు చదవకండి.

సూపర్ హీరోల కథలు ఎక్కడ మొదలుపెట్టాలి? 80 ఏళ్ళ కథ అంతా తెలియాలా?

అక్కర్లేదు. సూపర్‌మ్యాన్ 1938లో, బ్యాట్‌మ్యాన్ 1939లో పుట్టారు. అప్పటి నుంచి వచ్చినవన్నీ చదివినవాళ్ళు ఎవరూ ఉండరు. మనకి ఇది అర్థం కావడం తేలిక. రంగనాథ రామాయణం ఉంది, మొల్ల రామాయణం ఉంది, విశ్వనాథ వారి కల్పవృక్షం ఉంది. రాముడు ఒక్కడే, చెప్పేవారు మారితే కథ మారుతుంది. మొల్లని చదవడానికి ముందు మిగతావన్నీ చదివి రమ్మని ఎవరూ అనరు. ఇక్కడా అంతే. హీరో పేరు కాదు, రాసినవాళ్ళ పేరు, గీసినవాళ్ళ పేరు చూసి ఎంచుకోండి.

బ్యాట్‌మ్యాన్‌కి 'ఇయర్ వన్', 1987 నాటిది, నాలుగు ఇష్యూల కథ. ఫ్రాంక్ మిల్లర్ రాశాడు, డేవిడ్ మజుచెల్లి గీశాడు. సూపర్‌మ్యాన్‌కి 'ఆల్ స్టార్ సూపర్‌మ్యాన్', 12 ఇష్యూలు. ఈ రెండింటికీ ముందు ఏమీ చదవనక్కర్లేదు.

ఈమధ్య వచ్చినవి కావాలంటే, పాత కథతో సంబంధం లేకుండా కొత్తగా మొదలైనవి ఉన్నాయి. 2024 జనవరిలో మొదలైన 'అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్'లో పీటర్ పార్కర్‌కి పెళ్ళయింది, ఇద్దరు పిల్లలున్నారు, ఆ తర్వాత శక్తి వస్తుంది. 2024 అక్టోబరులో వచ్చిన 'అబ్సల్యూట్ బ్యాట్‌మ్యాన్'లో బ్రూస్ వేన్‌కి భవంతి లేదు, ఆస్తి లేదు. మామూలు ఉద్యోగాలు చేసుకునే కుటుంబం నుంచి వచ్చిన బ్యాట్‌మ్యాన్. డబ్బు తీసేస్తే ఆ పాత్రలో ఏం మిగులుతుందని నాకు ఎప్పటి నుంచో సందేహం ఉండేది. స్కాట్ స్నైడర్, నిక్ డ్రగోటా మంచి జవాబే ఇచ్చారు.

కొత్త పుస్తకాలు ఎప్పుడొస్తాయో ఎలా తెలుస్తుంది? వెంటనే కొనాలా?

అమెరికాలో కొత్త కామిక్స్ ఎక్కువగా బుధవారం దుకాణాల్లోకి వస్తాయి. వెంటనే కొనకపోతే వెనకబడిపోతామన్న టెన్షన్ వద్దు. సిరీస్ అయితే ఐదారు ఇష్యూలు కలిపి సంపుటం వచ్చేదాకా ఆగండి. మనదాకా రావడానికి ఎలాగూ టైము పడుతుంది, ఈలోపు చదివినవాళ్ళ అభిప్రాయాలు కూడా తెలుస్తాయి. ఏటా జూలైలో అమెరికాలోని శాండియాగోలో కామిక్స్‌కి ఐస్నర్ అవార్డులు ఇస్తారు. ఫ్రాన్స్‌లో అంగులేమ్ అనే ఊళ్ళో 1974లో మొదలైన కామిక్స్ పండగ ఉంది, 2026లో మాత్రం రద్దయింది. ఈ రెండింటి అవార్డుల జాబితాలు చూసుకుంటే, ఆ ఏడాది గట్టి పుస్తకాలు చాలావరకు దొరుకుతాయి.

కొత్తవాటిలో నేను అందరికన్నా ఎక్కువమందికి చెప్పింది 'డక్స్'. 2022లో వచ్చింది. కేట్ బీటన్‌ది కెనడా తూర్పు తీరాన కేప్ బ్రెటన్ అనే చోటు. అక్కడ పనులు లేవు. డిగ్రీ అయిపోయింది, నెత్తి మీద చదువు అప్పు ఉంది. ఆ అప్పు తీర్చడానికి 2005లో దేశానికి ఆ చివర ఉన్న ఆల్బర్టా చమురు ఇసుక గనులకి వెళ్ళింది. పనిముట్ల గదిలో ఉద్యోగం. వేలమంది మగవాళ్ళ మధ్య పట్టుమని పదిమంది ఆడవాళ్ళు. ఆ మాటలు, ఆ చూపులు, అంతకన్నా ఘోరమైనవి, అన్నీ నిజాయితీగా గీసింది. అయినా ఆ మగవాళ్ళని రాక్షసులుగా గీసి వదిలేయలేదు. ఇంటికి దూరంగా, ఒంటరిగా, ఆ చలిలో మనుషులు ఏమైపోతారో చూపించింది. 2008లో గని వ్యర్థాల చెరువు మీద వాలి 1600కు పైగా బాతులు చచ్చిపోయాయి. పుస్తకానికి పేరు ఆ బాతుల నుంచే.

మన ఇళ్ళల్లో ఎంతమంది పిల్లలు బ్యాంకు లోను తీసుకుని అమెరికా, కెనడా వెళ్ళారో లెక్కపెట్టండి. వాళ్ళలో ఒకమ్మాయికి ఈ పుస్తకం పంపించాను. మా పిన్ని కూతురే, టొరంటో దగ్గర ఉంటుంది. చదివి రాత్రి రెండింటికి వాట్సాప్‌లో ఒక పేజీ ఫొటో పంపింది. అప్పులో ఇంత తీరింది, ఇంత మిగిలింది అని లెక్క చూసుకునే పేజీ. కింద ఏమీ రాయలేదు.

సింగిల్ ఇష్యూ, ట్రేడ్, ఆమ్నిబస్ అంటారు. ఏది కొనాలి?

చదవడానికైతే ట్రేడ్ పేపర్‌బ్యాక్. ఐదారు ఇష్యూలు, మెత్తటి అట్ట, బస్సులో కూడా పట్టుకెళ్ళొచ్చు. ఆమ్నిబస్ అంటే వెయ్యి పేజీల ఇటుక లాంటిది. బీరువాలో అందంగా ఉంటుంది, పడుకుని చదివితే చేతులు పడిపోతాయి. ఒక సిరీస్ మొత్తం చదివి, ప్రాణంగా ఇష్టపడ్డాక కొనుక్కోండి. ఒకే ఇష్యూకి వేరే బొమ్మతో వేసే వేరియంట్ కవర్లు, ఎంత బాగుందో నంబరు వేసి ప్లాస్టిక్ పెట్టెలో మూసేసిన కాపీల జోలికి మొదట్లోనే వెళ్ళకండి.

మన దేశంలో వచ్చినవి ఏమున్నాయి?

అనంత్ పాయ్ 1967లో మొదలుపెట్టిన అమర్ చిత్ర కథ అందరికీ తెలుసు. పెద్దల కోసం వచ్చినవాటిలో ఒరిజిత్ సేన్ 1994లో తెచ్చిన 'రివర్ ఆఫ్ స్టోరీస్' ముందు చెప్పుకోవాలి. నర్మద ఆనకట్ట, ముంపు, ఆదివాసీల కథ. చాలాకాలం దొరకలేదు. 2022లో చెన్నై ప్రచురణకర్తలు మళ్ళీ వేశారు. పోలవరం ముంపు మండలాల సంగతి తెలిసిన మనవాళ్ళు ఆ బొమ్మల్ని వేరే రాష్ట్రం కథలా చదవలేరు.

సారనాథ్ బెనర్జీ 'కారిడార్' (2004), అమృతా పాటిల్ 'కారి' (2008), ఎమర్జెన్సీ మీద విశ్వజ్యోతి ఘోష్ 'ఢిల్లీ కామ్' (2010), కశ్మీరులో పెరిగిన మాలిక్ సజాద్ 'మున్ను' (2015). చివరిదానిలో కశ్మీరీలు హంగుల్ దుప్పి ముఖాలతో ఉంటారు. 'మౌస్' చదివాక చదవండి, ఇద్దరూ జంతు ముఖాల్ని ఎందుకు ఎంచుకున్నారో పోల్చి చూసుకోవచ్చు.

తెలుగులో ఎందుకు రావడం లేదు?

ఈ ప్రశ్న ఎవరు అడిగినా నాకు బాధగానే ఉంటుంది.

మనకి బొమ్మ చదివే కళ్ళు లేక కాదు. 1947 జూలైలో చందమామ మొదలైంది. చిత్రా, శంకర్, వపా గీసిన బొమ్మల్లో ఇంటి దూలం, బండి చక్రం, చీర అంచు కూడా కథ చెప్పేవి. శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ మాటలు లేకుండానే మూడు తరాలకి గుర్తుంది. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి అబ్బాయి బుజ్జాయి గారు పంచతంత్రాన్ని ఇంగ్లీషు ఇలస్ట్రేటెడ్ వీక్లీలో బొమ్మల కథలుగా గీశారు. తెలుగు పిల్లలకి డుంబు అనే బొమ్మల పాత్రని ఇచ్చారు. బాపు గారి గీత ఒక్కటి చూస్తే ఎవరిదో చెప్పేస్తాం. ఇంత ఉండి, ఈ కళ పెద్దల కథల్లోకి నిలకడగా రాలేదు.

పక్కనే తమిళం చూడండి. శివకాశి నుంచి ముత్తు కామిక్స్ 1972లో, లయన్ కామిక్స్ 1984లో మొదలై ఇప్పటికీ నడుస్తున్నాయి. ఇటలీ కౌబాయ్ టెక్స్ విల్లర్ అక్కడ తమిళం మాట్లాడతాడు. తండ్రీకొడుకులు కలిసి చందా కట్టి తెప్పించుకుంటారు. ఒక చిన్న ఊరి ప్రచురణకర్తలు, వదలని పాఠకులు కలిస్తే జరిగిన పని ఇది. కిటుకు ఏమన్నా ఉంటే అది ముందుగా డబ్బు కట్టే పాఠకుడే. తెలుగులో ఎవరైనా ఒక గ్రాఫిక్ నవల వేస్తే, నచ్చుతుందో లేదో చూడకుండా నేను రెండు కాపీలు కొంటాను. ఒకటి నాకు, ఒకటి ఇవ్వడానికి. మీరూ కొనండి.

ఎక్కడ దొరుకుతాయి?

హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. తొమ్మిదింటికల్లా వెళ్ళాలి, ఎండెక్కాక మంచివి మిగలవు. విజయవాడలో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులు. రెండు ఊళ్ళలోనూ ఏటా జరిగే పుస్తకాల పండగలు. హైదరాబాద్‌లో జరిగే కామిక్ కాన్ అనే కామిక్స్ పండగకి వెళ్తే, మన దేశంలో గీసేవాళ్ళు స్టాల్ పెట్టుకుని స్వయంగా కూర్చుంటారు. వాళ్ళ దగ్గరే కొని సంతకం పెట్టించుకోండి.

ఆన్‌లైన్లో కొంటే పార్సిల్ విప్పేటప్పుడు ఫోన్లో వీడియో తీయండి. ఒకసారి నాకు ఖరీదైన గట్టి అట్ట పుస్తకం పల్చటి ప్లాస్టిక్ కవర్లో వచ్చింది, నాలుగు మూలలూ నలిగిపోయి. వీడియో లేదని అమ్మినవాళ్ళు వాపసు తీసుకోలేదు. ఆ పుస్తకం ఇప్పటికీ అలాగే ఉంది.

నెట్‌లో ఫ్రీగా స్కాన్‌లు దొరుకుతాయి కదా?

దొరుకుతాయి. నేను చదవను, ఇంకొకరికి పంపను. ఒక పేజీ గీయడానికి ఒక రోజు, ఒక్కోసారి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ చేతికి రావాల్సిన డబ్బు అది. ఉచితంగా చదవాలంటే సరైన దారులే ఉన్నాయి. 'మాంగా ప్లస్' యాప్‌లో జపాన్ ప్రచురణకర్తలే చాలా సిరీస్‌ల మొదటి అధ్యాయాలు, తాజా అధ్యాయాలు పెడతారు. మీ కాలేజీ లైబ్రరీలో కొనమని చీటీ రాసివ్వండి, నలుగురు అడిగితే తెప్పిస్తారు.

ఫ్రెండ్స్‌కి ఎలా రికమెండ్ చేయాలి?

నాకు నచ్చింది కాదు, వాళ్ళకి సరిపోయేది ఇవ్వాలి. ఈ సంగతి తెలియని రోజుల్లో, కామిక్స్ ఎప్పుడూ చదవని ఒక స్నేహితుడికి మొదటి పుస్తకంగా 'వాచ్‌మెన్' ఇచ్చాను. అది సూపర్ హీరోల కథల్నే ప్రశ్నించే పుస్తకం. ఆ కథలే తెలియనివాడికి ఆ ప్రశ్న ఎలా తగులుతుంది? ఇరవై పేజీలు చదివి తిరిగిచ్చాడు. మళ్ళీ అతనికి ఇంకొకటి ఇవ్వడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. ఈసారి 'పెర్సెపొలిస్' ఇచ్చాను. రెండు రోజుల్లో చదివి, రెండో భాగం ఉందా అని ఫోన్ చేశాడు.

కథ చెప్పేయకండి. "ఫలానా పేజీకి వచ్చాక నాకు ఫోన్ చెయ్యి" అనండి, చాలు. రాసినవారి పేరుతో పాటు గీసినవారి పేరు, వీలైతే రంగులు వేసినవారి పేరు కూడా చెప్పండి. మనం మాట్లాడుకునేటప్పుడు ఎక్కువగా మర్చిపోయేది వాళ్ళనే.

అరువు ఇవ్వొచ్చా?

ఇవ్వండి. అట్ట లోపల పెన్సిల్‌తో పేరు రాసి ఇవ్వండి.

మీరు మళ్ళీ మళ్ళీ తీసి చదివేది ఏది?

రిచర్డ్ మెక్‌గ్వయర్ 'హియర్'. 1989లో ఆరు పేజీల చిన్న కథగా వచ్చింది. 2014లో పూర్తి పుస్తకం అయింది. పుస్తకం అంతా ఒకే గది మూల. రెండు పేజీలు కలిసే మడత దగ్గరే గది మూల వచ్చేలా గీశాడు. కాబట్టి పుస్తకం తెరిస్తే మనం ఆ గదిలో నిలబడినట్టు ఉంటుంది. ప్రతి బొమ్మ పైన ఎడమవైపు ఒక సంవత్సరం. 1957లో ఒకావిడ గదిలోకి వచ్చి, ఎందుకొచ్చానా అని ఆలోచిస్తుంది. అదే మూలలో చిన్న గడి తెరుచుకుని ఇంకో ఏడాది కనిపిస్తుంది, దానిలో ఇంకొకటి. ఇల్లు కట్టకముందు అడవి, మనుషులు పుట్టకముందు నీళ్ళు, ఎప్పుడో రాబోయే కాలం.

మా అమ్మమ్మ వాళ్ళ ఇల్లు తెనాలిలో ఉండేది. పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టారు. అమ్మకి ఈ పుస్తకం చూపించాను. ఇంగ్లీషు మాటలు వదిలేసి బొమ్మలే చూస్తూ పేజీలు తిప్పింది. సగం దాకా వచ్చాక ఒక పేజీ మీద వేలు పెట్టి, "ఇదిగో, ఇక్కడే కదూ మన ఉయ్యాల బల్ల కొక్కెం" అంది. బొమ్మలో ఉన్నది అమెరికాలో ఎవరిదో ఇల్లు. నేను అవునన్నాను. తర్వాత పేజీ ఆమే తిప్పింది.